ఉగాది పొట్లం, ఐదు రోజుల పాసు

2015 మార్చిలో నా దగ్గరున్న డబ్బును యూరోల్లో కాదు, గంటల్లో లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ ఏడాది జనవరి ఒకటి నుంచే జర్మనీలో గంటకు ఎనిమిదిన్నర యూరోల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. డ్రెస్డెన్‌లో ఎంఎస్ చదువుతూ, వారానికి రెండు సాయంత్రాలు ఒక గోదాములో అట్టపెట్టెలు సర్దే పనికి వెళ్ళేవాణ్ణి. నెలకు 450 యూరోలు దాటకూడని ‘మినీ జాబ్’ అది. అద్దె, ఇన్సూరెన్సు, బియ్యం, కందిపప్పు ఖర్చులు పోను, ఆర్నెల్లు ఒబ్బిడి చేస్తే మూడువందల యాభై మిగిలాయి. అంటే నలభై ఒక్క గంటల పాటు మోసిన పెట్టెలు. యూరో అప్పుడు దాదాపు 67 రూపాయలు. మన డబ్బుల్లో ఇరవైమూడు వేల పైచిలుకు.

ఆ డబ్బు ఇంటికి పంపనా, ఊళ్ళు చూడనా అని వారం రోజులు మథనపడ్డాను. చదువు కోసం తీసుకున్న బ్యాంకు లోను నెత్తిమీద ఉంది. సామర్లకోట స్టేషన్‌కి కూతవేటు దూరంలో నాన్నది చిన్న టైలరింగ్ షాపు. అంత డబ్బు రావాలంటే ఆయన ఎన్ని చొక్కాలు కుట్టాలో నాకు తెలుసు. చివరికి ఫోన్‌లో ఆయన్నే అడిగేశాను. “లోను ఎప్పుడూ ఉంటుందిరా, సెలవులు ఉండవు. వెళ్ళిరా,” అన్నారు. కాసేపాగి, “ఏ ఊరెళ్ళినా ముందు స్టేషన్ బాగా చూడు. చూసి నాకు చెప్పాలి,” అన్నారు.

నాన్నకి రైళ్ళంటే ప్రాణం. నా చిన్నప్పుడు షాపు కట్టేశాక రాత్రిపూట సైకిల్ మీద ఎక్కించుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళేవారు. ఎక్కడానికి కాదు, చూడటానికే. కాకినాడ నుంచి వచ్చే బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, మెయిలు ఎన్ని నిమిషాలు లేటో, ఇంజను నంబరు ఎంతో అన్నీ చెప్పేవారు. ఆయన మాత్రం విజయవాడ దాటి వెళ్ళిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అమ్మ చెప్పింది వేరే. మార్చి 21న ఉగాది. మన్మథ నామ సంవత్సరం. అప్పటికి రెండు నెలల ముందే, కాకినాడ నుంచి వచ్చే ఒక జూనియర్ చేత ఆవకాయ, గోంగూర సీసాలతోపాటు ఒక పొట్లం పంపింది. ఎండబెట్టిన వేపపువ్వు, చింతపండు ముద్ద, అరచేతిలో సగం ఉండే బెల్లం ముక్క. పొట్లం మీద నాన్న షాపులో గుడ్డల మీద గీసే నీలం సుద్దతో “ఉగాది” అని రాసింది. “ఎక్కడుంటే అక్కడ, కాస్త నోట్లో వేసుకో. మిగతాది మీ గదిలో పిల్లలకి పెట్టు,” అంది. మా ఫ్లాట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. ఒకడిది ఖమ్మం, ఇద్దరిది నెల్లూరు. వాళ్ళకి సగం తీసి పెట్టి వెళ్ళాల్సింది. బయల్దేరే హడావిడిలో పొట్లం మొత్తం బ్యాగులో పెట్టేసుకున్నాను.

యూరప్‌లో నివాసం ఉన్నవాళ్ళకి ఇంటర్‌రైల్ పాసు ఇస్తారు, బయటి నుంచి చూడటానికి వచ్చేవాళ్ళకి యూరైల్ ఇస్తారు. జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఉన్నందువల్ల నాకు ఇంటర్‌రైల్ దొరికింది. అప్పట్లో ఇరవయ్యారేళ్ళు నిండనివాళ్ళకి రేటు తక్కువ ఉండేది. నేను తీసుకున్నది పది రోజుల్లో ఏవైనా ఐదు రోజులు తిరిగే పాసు. అప్పట్లో అది కాగితం. టికెట్ మీద ఐదు తేదీల గళ్ళు ఉండేవి, దానికి పిన్నుకొట్టిన అట్ట మీద ప్రయాణాల పట్టిక ఉండేది. రైలెక్కే ముందే తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటల బండి అన్నీ పెన్నుతో మనమే నింపాల్సి వచ్చేది. రాత్రి ఏడు దాటాక ఎక్కి, తెల్లవారుజామున నాలుగు తర్వాత దిగే రైలైతే మర్నాటి తేదీ ఒక్కటి వేస్తే సరిపోయేది. ఈ ఏడు గంటల నిబంధన నా పాలిట వరమైంది. ఒక రోజు మిగులుతుంది, ఒక రాత్రి హాస్టల్ అద్దె మిగులుతుంది.

ఇంకో మెలిక ఏమిటంటే, మనం ఉంటున్న దేశంలో ఆ పాసు అప్పట్లో చెల్లేది కాదు. ఆ మెలిక విప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. విద్యార్థులకిచ్చే మా సెమిస్టర్ టికెట్‌తో డ్రెస్డెన్ ఉన్న శాక్సనీ రాష్ట్రంలో లోకల్, రీజినల్ బండ్లన్నీ ఎక్కే వీలుండేది. అందుకని ప్రాగ్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ జోలికి పోలేదు. డ్రెస్డెన్ నుంచి ఎస్-వన్ లోకల్‌లో బాడ్ షాండౌ దాకా వెళ్ళి, అక్కడ సరిహద్దు దాటే యూ-28 అనే చిన్న బండి ఎక్కాలి. జర్మనీ గట్టు దాటేవరకు విద్యార్థి టికెట్, దాటాక పాసు. డెచీన్‌లో దిగి చెక్ రైలు అందుకోవాలి. ఎక్స్‌ప్రెస్‌లో రెండుంబావు గంటల దారికి నాకు నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు.

మార్చి 16, సోమవారం ఉదయం. ఎడమవైపు కిటికీ పట్టుకోమని సీనియర్లు చెప్పారు. ఎల్బే నది రైలుకి ఎడమపక్కనే ఉంటుంది. మంచు కరిగిన నీళ్ళు బూడిదరంగులో నిండుగా పోతున్నాయి. రాటెన్ దగ్గర అవతలి గట్టున బాస్టై రాళ్ళు, ఎవరో నిలువుగా చెక్కి నిలబెట్టినట్టున్నాయి. రాజమండ్రి వంతెన మీద తప్ప నది పక్కన అంతసేపు రైల్లో కూర్చోవడం నాకు అదే మొదలు. సరిహద్దు దాటగానే అదే నది లాబె అయిపోయింది. స్టేషన్ బోర్డుల మీద అక్షరాలకి నెత్తిన కొమ్ములు మొలిచాయి.

డెచీన్‌లో రైలెక్కిన కాసేపటికి టీసీ వచ్చింది. యాభై ఏళ్ళ ఆవిడ, మెళ్ళో వేలాడే తోలు సంచీ. నా పాసు తీసుకుని చూసి, తల అడ్డంగా ఊపింది. తేదీ గడి ఖాళీగా ఉంది! చదివిన నిబంధనలన్నీ కంఠతా వచ్చు, తీరా రైలెక్కేసరికి రాయడం మర్చిపోయాను. అది జరిమానా వేయదగ్గ తప్పే. నా గుండె జారిపోయింది. ఎన్ని గంటల పెట్టెలు పోతాయో అప్పుడే లెక్కవేసుకున్నాను. ఆవిడ చెక్‌లో ఏదో అంది, నాకు అర్థం కాలేదు. జేబులోంచి నీలం బాల్‌పెన్ను తీసి నా చేతిలో పెట్టి, గడి మీద వేలితో తట్టింది. 16, 03 అని వేశాను. కింద పట్టికలో “డెచీన్ – ప్రాగ్” అని రాసేదాకా పక్కనే నిలబడింది. ముద్ర కొట్టి, నా భుజం మీద చిన్నగా తట్టి ముందుకెళ్ళిపోయింది. పెన్ను తిరిగి ఇద్దామని చూసేసరికి ఆవిడ రెండు పెట్టెల అవతల ఉంది. వెనక నుంచి పిలవడానికి నాకు ఆ భాషలో ఒక్క మాట కూడా రాదు. మిగతా నాలుగు తేదీలూ ఆ పెన్నుతోనే వేశాను.

ప్రాగ్ ప్రధాన స్టేషన్ని నాన్న కోసం గంటసేపు చూశాను. దిగితే ఒకటే కొత్త హాలు, కొట్లు, జనం. పైకి ఎక్కితే పాత భవనం, 1909లో పూర్తయిందట. గుమ్మటం కింద నిలబడి పైకి చూస్తే ‘నగరాలకు తల్లి ప్రాగ్’ అని లాటిన్‌లో రాసి ఉంది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వెళ్తే ఒక కంచు విగ్రహం కనిపించింది. కళ్ళజోడు పెట్టుకున్న మనిషి, చంకలో చంటిపిల్లాడు, పక్కనే ఒక పాప, ఒక సూట్‌కేసు. పీఠం లేదు. ప్లాట్‌ఫారం మీద మనతోపాటు బండి కోసం నిలబడ్డట్టే ఉన్నారు ముగ్గురూ. ఆయన నికొలస్ వింటన్. 1939లో నాజీల చేతికి చిక్కిన ఈ ఊరి నుంచి 669 మంది పిల్లల్ని, ఎక్కువమంది యూదుల పిల్లలు, రైళ్ళలో ఇంగ్లండ్ చేర్చడానికి పూనుకున్న మనిషి. ఆఖరి రైలు సెప్టెంబరు 1న బయల్దేరాలి. ఆ రోజే యుద్ధం మొదలైంది. ఆ బండి కదల్లేదు.

ఆ విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. పిల్లల్ని రైలెక్కించి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయిన తల్లిదండ్రులు గుర్తొచ్చారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గాజు తలుపు అవతల నిలబడ్డ అమ్మా నాన్నా గుర్తొచ్చారు. ఆ రెంటికీ పోలిక లేదని తెలుసు. అయినా గుర్తొచ్చారు. నేను అక్కడ నిలబడ్డ రోజుకి వింటన్ గారు బతికే ఉన్నారు, నూట ఐదేళ్ళ వయసు. ఆ జులైలో పోయారు.

ప్రాగ్‌లో రెండు రాత్రులు పది మంచాల డార్మిటరీలో ఉన్నాను. చార్లెస్ వంతెన మీదికి తెల్లవారుజామున వెళ్తే విగ్రహాలూ, నేనూ, ఒక పాలబండీ తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం వెళ్తే కాలు పెట్టే సందు లేదు. అంతకుమించి ప్రాగ్ గురించి చెప్పను. ఆ ఊరి ఫొటోలు అందరూ చూసినవే.

18వ తేదీన బుడాపెస్ట్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఏడు గంటల దారి. బ్ర్నో, బ్రాటిస్లావా దాటాక ఈసారి కుడి కిటికీ పక్కకి మారాను. ష్టూరోవో దగ్గర రైలు డాన్యూబ్ నది ఒడ్డుకి వస్తుంది. అవతలి గట్టు మీద ఎస్టర్‌గోమ్ చర్చి గుమ్మటం, సాయంత్రపు ఎండలో పచ్చగా. అక్కడి నుంచి నది వంపు తిరుగుతూ పోతుంటే రైలూ దాన్ని పట్టుకుని వంపు తిరుగుతుంది. మూడు దేశాలు దాటాను, ఒక్క చోటా కాగితాలు అడగలేదు. చిన్నప్పుడు పక్క జిల్లాకి వెళ్తేనే వేరే ఊరొచ్చాం అనుకునేవాణ్ణి.

ఆ ఏడు గంటల్లో నాకు ఒక విషయం తెలిసొచ్చింది. మూడు రోజులుగా నేను తెలుగులో ఒక్క మాట మాట్లాడలేదు. పుట్టి బుద్ధెరిగాక అన్ని రోజులు తెలుగు పలక్కుండా ఉండటం అదే మొదటిసారి. కంపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేనప్పుడు కిటికీ వైపు తిరిగి “నది ఎంత బావుందో” అని పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బుడాపెస్ట్ కెలేటీ స్టేషన్‌ని చూస్తే నాన్న పొంగిపోయేవారు. 1884లో కట్టారు. ముఖద్వారం మీద దేవుళ్ళు, రాజులు కాదు, జేమ్స్ వాట్, జార్జ్ స్టీఫెన్‌సన్ విగ్రహాలు నిలబడి ఉన్నాయి. ఒకరు ఆవిరి యంత్రాన్ని దారిలో పెట్టినాయన, ఇంకొకరు రైలింజను నడిపించినాయన. “ఇంజను చేసినవాళ్ళకి గుడి కట్టారు నాన్నా” అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. 1896 నాటి పసుపుపచ్చ మెట్రో కూడా ఎక్కాను. లండన్‌ని పక్కనపెడితే యూరప్‌లో భూమి కింద నడిచిన మొదటి మెట్రో అదే. మెట్లు దిగితే అలా నాలుగడుగుల్లో ప్లాట్‌ఫారం. పెట్టెలు ఎంత చిన్నవంటే, తోలు పట్టీ పట్టుకుని నిలబడితే ఎదుటివాళ్ళ మోకాళ్ళు మనకి తగులుతాయి. టికెట్ 350 ఫోరింట్లు. అంటే ఎనిమిది నిమిషాల పెట్టెలు.

పార్లమెంటు భవనానికి కాస్త దూరంలో డాన్యూబ్ గట్టు మీద అరవై జతల ఇనప బూట్లు ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధం చివర్లో అక్కడి ఫాసిస్టులు యూదుల్ని ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విప్పించి, నదిలోకి పడేలా కాల్చిన చోటు. ఒక జత నా అరచేతి కన్నా చిన్నది. తుప్పు పట్టింది. లోపల వాననీళ్ళు, ఒక నాణెం, వాడిపోయిన పువ్వు. ఆ మధ్యాహ్నం ఇంకేం చూడబుద్ధి కాలేదు. హాస్టల్‌కి వచ్చి అన్నం వండుకుని గోంగూర కలుపుకుని తిని పడుకున్నాను.

20వ తేదీ శుక్రవారం, ఉదయం ఏడు గంటల బండికి వియన్నా బయల్దేరాను. ఆ రోజు సూర్యగ్రహణం. మన దేశంలో కనపడదు కాబట్టి ఇంట్లో పట్టింపు లేదు. యూరప్‌లో మాత్రం చాలా చోట్ల పాక్షికం. పది కాకముందే వియన్నా కొత్త ప్రధాన స్టేషన్ హాప్ట్‌బాన్‌హోఫ్‌లో దిగాను. దూరపు రైళ్ళు చాలావరకు అక్కడికి రావడం మొదలై అప్పటికి మూడు నెలలే. గాజు, ఉక్కు, ముడతలు ముడతలుగా కప్పు. అక్కడికి నడిచే దూరంలో బెల్వెడేర్ ప్యాలెస్ తోట. లోపలి బొమ్మలకి టికెట్ ఉంది గానీ తోటకి లేదు. నేను వెళ్ళేసరికి సూర్యుడికి ఒక పక్క కొరుకుడు పడింది.

నా దగ్గర గ్రహణం కళ్ళజోడు లేదు. ఎడమచేతి వేళ్ళ మీద కుడిచేతి వేళ్ళు అడ్డంగా పెట్టి, ఆ జల్లెడ సందుల్లోంచి ఎండని నేల మీద పడనిచ్చాను. ఇసుక దారి మీద నెలవంకలు వరసగా పడ్డాయి. 2010లో కనుమ రోజు సూర్యగ్రహణం వచ్చినప్పుడు తాతయ్య మా మేడ మీద ఇలాగే చూపించాడు. కింద నాయనమ్మ ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం వదిలేదాకా అది పడలేదని నాయనమ్మ వాదన. తాతయ్య అప్పటికి రిటైరైన లెక్కల మాస్టారు. రోకలి గురించి ఏమీ అనలేదు, నా చేతులు పట్టుకుని వేళ్ళు ఎలా పెట్టాలో సరిచేశాడు. వియన్నాలో నా చేతుల కింద నెలవంకల్ని చూసి ఒక ముసలాయనా, ఆయన భార్యా ఆగారు. ఆవిడ తన కళ్ళజోడు నాకిచ్చి, తను నేల మీద నెలవంకల్ని చూడటానికి కూర్చుంది. పదిన్నర దాటాక సగానికి పైగా సూర్యుడు మూసుకుపోయాడు. ఎండ ఉంది, వేడి లేదు. పక్షులు ఆగిపోయాయో లేదో గమనించలేదు. నేను తాతయ్య దగ్గరున్నాను.

రాత్రి తొమ్మిది గంటలప్పుడు వెనిస్ వెళ్ళే రైలు. అంతకుముందు మార్కెట్లో పుల్లటి ఆకుపచ్చ యాపిల్ ఒకటి కొన్నాను, మామిడికాయ బదులు. స్టేషన్ దగ్గర స్టీలు డబ్బాలో చింతపండు వేసి కుళాయి నీళ్ళు పోసి నానబెట్టాను. వియన్నా కుళాయిలో వచ్చేది ఆల్ప్స్ కొండల ఊటనీరే. 1873 నుంచి గొట్టాల్లో, కాలవల్లో ఊళ్ళోకి పారుతోంది. అంత తియ్యటి నీళ్ళు అప్పటిదాకా ఏ ఊళ్ళోనూ తాగలేదు. నా బాటిల్ రోజుకి ఐదారుసార్లు నింపుకున్నాను, పైసా ఖర్చు లేకుండా.

బెర్తులకి అదనంగా కట్టాలి కాబట్టి కూర్చునే సీటే తీసుకున్నాను. ఆరు సీట్ల పాత కంపార్ట్‌మెంట్. ఎదురెదురు సీట్లని ముందుకి లాగితే రెండూ కలిసి పరుపులాగా అవుతాయి. లోపల నాతోపాటు ఒక్కడే మనిషి, నలభై ఏళ్ళుంటాయి. జర్కిన్ మెడదాకా జిప్పు పెట్టుకున్నాడు. నన్ను చూసి “ఇండియా?” అన్నాడు. తలూపాను. “బంగ్లాదేశ్,” అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ అతనిది, హైదరాబాద్‌లో బీటెక్ చదువుతూ నేర్చుకున్న హిందీ నాది. వియన్నాలో తమ్ముణ్ణి చూసి వెళ్తున్నాడట. వెనిస్ పక్కన మార్గెరాలో ఓడలు కట్టే యార్డులో వెల్డింగ్ పని, మెస్త్రెలో గది. ఊరు ఢాకాకి దక్షిణాన, పద్మానది ఒడ్డు. కాగితాల కోసం చూస్తూ చూస్తూ ఇంటికెళ్ళి ఆరేళ్ళయిందని చెప్పాడు. నేను రెండేళ్ళకే బెంగపడుతున్నానని చెప్పలేకపోయాను.

తెల్లారేసరికి ఆల్ప్స్ వెనకపడ్డాయి. ఊడినె దాటాం. కిటికీ బయట చదునైన పొలాలు, పొగమంచు, అక్కడక్కడా పూసిన చెట్లు. మొహం కడుక్కుని వచ్చి డబ్బా తీశాను. చింతపండు పిసికి పిప్పి తీశాను. జేబుకత్తితో యాపిల్ చిన్న ముక్కలు తరిగాను. బెల్లం చిదిపి వేశాను, హోటల్ నుంచి తెచ్చుకున్న ఉప్పు పొట్లం చింపాను, ఆవకాయ సీసాలోంచి కొంచెం కారం గీరి వేశాను. ఆఖర్న పొట్లం విప్పి వేపపువ్వు చిటికెడు నలిపాను. రైలు కుదుపుకి డబ్బా ఒరిగి, చింతపండు నీళ్ళు రెండు చుక్కలు పాసు మీద పడ్డాయి.

భాయ్ లేచి చూస్తున్నాడు. “ఇవాళ మా కొత్త సంవత్సరం,” అన్నాను. “మాకు ఏప్రిల్‌లో,” అన్నాడు. తర్వాత ముందుకి వంగి పొట్లం వాసన చూశాడు. మొహం మారిపోయింది. “నిమ్?” అన్నాడు. “నిమ్ ఫూల్?”

అవునన్నాను. డబ్బా మూతలో కాస్త వేసిచ్చాను. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పులుపు, తీపి దాటి చేదు తగిలే క్షణం అతని మొహంలో నాకు తెలిసింది. వాళ్ళ అమ్మ లేత వేపాకులు నూనెలో వేయించి వంకాయతో కలిపి అన్నంలో మొదటి ముద్దకి పెట్టేదట, ఈ రోజుల్లోనే, ఎండలు ముదరకముందు. “చేదు ముందు తినాలి అనేది అమ్మ,” అన్నాడు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. వెళ్ళలేకపోయాడు. కిటికీ వైపు తిరిగి జర్కిన్ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఇంకో చెంచాడు మూతలో వేశాను. ఇద్దరం మాట్లాడకుండా మొత్తం తిన్నాం.

మెస్త్రె దగ్గరపడుతుంటే, “ఇంటికి ఫోన్ చేశావా?” అని అడిగాడు. నా జర్మన్ సిమ్‌కి ఇటలీలో రోమింగ్ మోత. ఆ ఛార్జీలు ఎత్తేసింది 2017లో. వైఫై దొరికాక చేస్తానన్నాను. “పండగ పూట వైఫై కోసం చూస్తావా? దిగు,” అన్నాడు. నేను పోవాల్సింది ఆఖరి స్టేషన్ సాంటా లూచియాకి. కానీ పాసు మీద ఆ రోజు తేదీ ఉంది, వెనిస్‌కి పది నిమిషాల లోకల్ ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. దిగాను. స్టేషన్ ఎదురు వీధిలో అతనికి తెలిసినవాళ్ళ కొట్టు. బియ్యం బస్తాలు, ఎండుచేపలు, పాన్ మసాలా, మూల రెండు ఫోన్ క్యాబిన్లు. కొట్టతనికి బెంగాలీలో ఏదో చెప్పి నన్ను లోపలికి తోశాడు.

అక్కడ ఎనిమిదిన్నర, ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంట. అమ్మే ఎత్తింది. “పచ్చడి తిన్నావా నాన్నా?” ముందు అదే. తిన్నానన్నాను. “తలంటు పోసుకున్నావా?” మొహం కడుక్కున్నానన్నాను. “సర్లే, రైల్లో ఏం చేస్తావు. ఇవాళ బొబ్బట్లు చేశాను, నీ వాటా కాకులకి పెట్టాను,” అంది. నాలుగు మాటలయ్యాక గొంతు పూడుకుపోయి నాన్నకిచ్చింది. ఆయన పండగ గురించి అడగలేదు. “ఎన్ని స్టేషన్లయ్యాయి?” అన్నారు. ప్రాగ్ విగ్రహం, కెలేటీ మీద స్టీఫెన్‌సన్, వియన్నా కప్పు అన్నీ చెప్పాను. వింటన్ సంగతి చెప్తుంటే మధ్యలో ఆపి, “ఆ ఆఖరి బండిలో పిల్లలు?” అని అడిగారు. కదల్లేదు నాన్నా అన్నాను. కాసేపు ఫోన్‌లో గాలి శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసినప్పుడు కూడా ఆ బండి గురించే అడిగారు.

బయటికొచ్చి డబ్బులివ్వబోతే కొట్టతను తీసుకోలేదు. భాయ్ నవ్వుతున్నాడు. నా దగ్గర ఇవ్వడానికి ఏముంది! పొట్లం విప్పి, వేపపువ్వు సగం వేరే కాగితంలో కట్టి ఇచ్చాను. వంకాయతో వేయించుకుంటానన్నాడు. అతని ఫోన్ నంబరు పట్టిక వెనక రాసుకున్నాను. తర్వాత రెండుసార్లు చేశాను, మూడోసారికి ఆ నంబరు పనిచెయ్యలేదు.

మెస్త్రె నుంచి వెనిస్‌కి రైలు సముద్రం మీద పోతుంది. 1846లో కట్టిన వంతెన, 222 కమాన్లు, మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. రెండు వైపులా నీళ్ళే. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెనకంటే ముందుదే ఇది. స్టేషన్ తలుపు దాటి బయట కాలుపెడితే మెట్లు, మెట్ల కింద పెద్ద కాలవ. ఆటో స్టాండు ఉండాల్సిన చోట పడవలు. అప్పటిదాకా చూసిన స్టేషన్లలో నాకు బాగా నచ్చిన గుమ్మం అదే.

పడవ బస్సుకి టికెట్ కొంటే దాదాపు గంట జీతం అవుతుందని రోజంతా నడిచాను. గోండోలా సంగతి సరేసరి. కానీ పెద్ద కాలవని అటు నుంచి ఇటు దాటించే రేవు పడవలుంటాయి, ‘త్రాగెట్టో’ అంటారు. అప్పట్లో రెండు యూరోలకి గోండోలా లాంటి దాంట్లోనే, నిలబడి, రెండు నిమిషాలు. కూరగాయల సంచులతో ఇద్దరు ముసలమ్మలు, నేను. కోటిపల్లి రేవులో పంటు మీద నిలబడ్డప్పటిలాగే కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టుకోవాలని ఎవరూ చెప్పకుండానే నా కాళ్ళకి తెలిసింది. సాయంత్రం అదే పాసుతో వెరోనా చేరాను. ఆ ఊరు చీకట్లో తప్ప చూడలేదు.

మర్నాడు 22, ఆదివారం, ఐదో గడి. వెరోనా నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా ఆస్ట్రియా. కింద లోయలో యాపిల్ తోటలు, ద్రాక్ష పందిళ్ళు, పైకెక్కేకొద్దీ మంచు. 1,370 మీటర్ల ఎత్తున సరిహద్దు స్టేషన్, బోర్డు రెండు భాషల్లో. అక్కడ రైలు ఆగినప్పుడు పోలీసులు ఎక్కారు. మా పెట్టెలో అందర్నీ అడగలేదు, నన్ను అడిగారు. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు చూసి థాంక్స్ చెప్పి ఇచ్చేశారు. పక్క పెట్టెలోంచి ఇద్దరు కుర్రాళ్ళని దింపారు. ఆఫ్రికా వాళ్ళు, నా వయసే. ఒకడి భుజాన స్కూలు బ్యాగు లాంటి చిన్న సంచీ. రైలు కదిలినప్పుడు వాళ్ళు మంచులో పోలీసుల మధ్య నిలబడి మా కిటికీల వైపే చూస్తున్నారు. వాళ్ళకీ నాకూ మధ్య తేడా ఒక ప్లాస్టిక్ కార్డు. ఆ సెప్టెంబరులో బుడాపెస్ట్ కెలేటీ స్టేషన్ బయట వేలమంది శరణార్థులు దుప్పట్లు పరుచుకుని పడుకున్న దృశ్యాలు టీవీలో వచ్చినప్పుడు, వాట్ విగ్రహం కంటే ముందు నాకు ఆ ఇద్దరే గుర్తొచ్చారు.

కుఫ్‌స్టైన్ దగ్గర పాసు పని అయిపోయింది. అక్కడి నుంచి బయర్న్ టికెట్. బవేరియా మొత్తం రీజినల్ బండ్లలో రోజంతా చెల్లుతుంది, సరిహద్దు అవతలున్న కుఫ్‌స్టైన్ నుంచి కూడా. మ్యూనిక్, రేగెన్స్‌బర్గ్, హోఫ్. హోఫ్ దాటితే శాక్సనీ, మళ్ళీ నా సెమిస్టర్ టికెట్. ఒక్క యూరో వృథా కాకుండా టికెట్టుకి టికెట్టు ముడేశానని అప్పుడు పడ్డ సంతోషం ఇప్పటికీ ఉంది. మొత్తం ఖర్చు తీశాక ఇంకా పదకొండు యూరోలు చేతిలో ఉన్నాయి.

గదికి చేరేసరికి రాత్రి పన్నెండు కావస్తోంది. ముగ్గురూ మెలకువగానే ఉన్నారు. వంటగదిలో పులిహోర మూతపెట్టి ఉంది, నిమ్మకాయ పిండింది. “నీకోసం పచ్చడి కూడా తీసి ఉంచాంరా,” అని ఖమ్మం వాడు ఫ్రిజ్‌లోంచి గిన్నె తీశాడు. “కానీ వేపపువ్వు లేదు. నీ అలమర మొత్తం వెతికాం. మెంతులు వేద్దామన్నాడు వీడు, నేనొద్దన్నా. చేదు లేకుండానే చేశాం.”

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. బ్యాగు పైజేబులోంచి పొట్లం తీశాను. నీలం సుద్దతో అమ్మ రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి. లోపల రెండు చిటికెలు మిగిలి ఉన్నాయి. నెల్లూరు వాళ్ళిద్దరూ నిద్రమొహాలతో వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఖమ్మం వాడు గిన్నె నా ముందుకి జరిపాడు. పువ్వుని అరచేతిలో నలిపి అందులో కలిపాను.

“ఉగాది నిన్నే కదరా,” అన్నాడొకడు.

“తినరా ముందు,” అన్నాడు ఖమ్మం వాడు, చెంచాలు పంచుతూ.